ముప్పై రెండో వారం

"నమస్తే ఓనర్ గారూ" అని ఫోనులో ఎవరైనా పలకరిస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఎవరండీ ఓనరు? దేనికి ఓనరు? ఓనరన్నవాడు తన తలుపు తాళం తాను తీసుకుని లోపలికి వెళ్తాడు. గేటు దగ్గర నిలబడి వాచ్‌మన్ మొహంలోకి చూడడు. బాపట్ల దగ్గర సముద్రం ఒడ్డున ఉన్న ఒక రిసార్టుకి మేము నాలుగేళ్ళుగా ఓనర్లం. ఏడాదికి ఒక్క వారం మాది. ఆ ఒక్క వారంలో కూడా అడుగు పెట్టలేకపోయిన ఓనర్లం. దీన్ని టైమ్‌షేర్ అంటారని కొన్నాక తెలిసింది. కొనేటప్పుడు మాత్రం వాళ్ళు ఆ మాట అనలేదు. వాటా అన్నారు.

మాది తెనాలి. నేను ప్రభుత్వ పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెబుతాను. మా ఆయనకు ఎరువుల కొట్టు ఉంది. మా అత్తగారు మాతోనే ఉంటారు. ఇప్పుడు ఆమెకు డెబ్బై మూడేళ్ళు. మా అమ్మాయి గుంటూరులో డిగ్రీ చదువుతూ హాస్టల్లో ఉంటుంది. ఈ కథలో ఉన్నది ఇంతమందే. మిగతా వాళ్ళంతా ఆ కంపెనీవాళ్ళు. వాళ్ళకి పేర్లు ఉంటాయనుకుంటాను గానీ, ఫోన్ చేసిన ప్రతిసారీ కొత్త గొంతే పలికేది.

ఎగ్జిబిషన్‌లో ఒక పెట్టెలో కూపన్ వేసిన పాపానికి మొదలైందిదంతా. నేనే వేశాను. వారం తిరక్కుండా ఫోన్ వచ్చింది. మీకు బహుమతి వచ్చిందండి, ఫలానా హోటల్‌కి రండి, భోజనం కూడా మాదే, కానీ భార్యాభర్తలిద్దరూ కలిసి రావాలి అన్నారు. ఇద్దరూ ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు. ఒక్కరే వస్తే ఇంటికి వెళ్ళి అడిగి చెప్తాననే వంక ఉంటుంది కదా, ఆ వంక లేకుండా చెయ్యడానికట. మేము ఇద్దరమే కాదు, అత్తయ్యని కూడా వెంటబెట్టుకుని వెళ్ళాం. బహుమతి ఒక నాన్‌స్టిక్ పెనం. దాని పూత ఆర్నెల్లకే లేచిపోయింది.

హాల్లో ఏసీ, గోడ మీద పెద్ద తెర, తెర మీద సముద్రం. ప్రతి టేబుల్ దగ్గరా టై కట్టుకున్న ఒక కుర్రాడు. మా టేబుల్‌కి వచ్చినవాడు మా ఆయన్ని ఒక్కసారి ఎగాదిగా చూసి, ఈయన నోట్లో నాలుక లేని మనిషని కనిపెట్టేశాడు. నన్ను చూసి, ఈవిడ ప్రశ్నలు వేసే రకమని కూడా కనిపెట్టినట్టున్నాడు. ఇద్దర్నీ వదిలేసి అత్తయ్య పక్కన కుర్చీ వేసుకున్నాడు.

"అమ్మమ్మగారూ, మీకు సముద్రం అంటే ఇష్టమేనాండి?"

అంతే, దొరికిపోయాం. మా అత్తగారికి ఉన్నది ఒకే ఒక్క కోరిక. కార్తీక పున్నమికి సముద్ర స్నానం. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ ఏ ఏడూ మానలేదట. తెల్లవారుజామున రైలెక్కి, బాపట్లలో దిగి, అక్కడినుంచి ఆటోలో వేలాడుతూ వెళ్ళి, మునిగి, దీపం వదిలి, తడిబట్టలతోనే తిరిగి వచ్చేది. అరవై అయిదు దాటాక మోకాళ్ళు మొరాయించాయి. అప్పటికి రెండేళ్ళుగా వెళ్ళలేకపోయింది. ముందురోజే వెళ్ళి అక్కడే పడుకుంటే, పొద్దున్నే లేచి నాలుగడుగులు వేస్తే నీళ్ళు అందుతాయని ఆమె ఆశ. ఆ మాట నోరు తెరిచి వాడికి చెప్పింది. నేను పక్కనే ఉన్నాను. వాడు విన్నాడు. తల ఊపాడు. ఈ సంగతి మీరు బాగా గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే తర్వాత కంపెనీలో ఎవరికీ ఇది గుర్తులేదు.

"అయితే మీకు కరెక్టు స్కీమ్ ఇదేనండి. ఏడాదిలో ఒక వారం రిసార్టు మీదే. ఏ వారం కావాలండి అమ్మమ్మగారూ?"

అత్తయ్య కాస్త ఆలోచించి, "శనివారం మాత్రం వద్దు బాబూ. ఆ రోజు నాకు ఒంటిపూట" అంది.

టేబుల్ చుట్టూ అందరం నవ్వాం. వాడు కూడా నవ్వి, అలాక్కాదండి, ఏడు రోజుల వారం, ఏడాదిలో యాభై రెండు ఉంటాయి, అందులో ఒక నంబరు చెప్పండి అన్నాడు. నంబరు అనేసరికి అత్తయ్యకి హుషారు వచ్చింది. ఆవిడ శనివారాల ఒంటిపూటల్ని ఉగాది నుంచి లెక్కపెట్టుకుంటూ వస్తుంది. ఎన్నో శనివారం ఏ పండగ దగ్గర పడుతుందో ఆమెకి కరతలామలకం. వేళ్ళ కణుపుల మీద బొటనవేలు జరుపుకుంటూ, పెదవులు కదుపుతూ లెక్క వేసింది. చైత్రం, వైశాఖం, జ్యేష్ఠం. నేను గర్వంగా చూస్తూ కూర్చున్నాను.

"ముప్పై రెండోది రాసుకో బాబూ. కార్తీక పున్నమి అందులో పడుతుంది."

వాడు రాసుకున్నాడు. ముప్పై రెండు చుట్టూ ఒక సున్నా కూడా చుట్టాడు. ఉగాది నుంచి ముప్పై రెండు ఎక్కడ, జనవరి ఒకటి నుంచి ముప్పై రెండు ఎక్కడ! ఉగాది నుంచి అయితే కార్తీకం. జనవరి నుంచి అయితే ఆగస్టు మొదట్లో, శ్రావణంలో పడుతుంది. పిల్లలకి శకాలూ క్యాలెండర్లూ పాఠం చెప్పి బతికేదాన్ని నేను. క్రీస్తు శకం ఏది, శాలివాహన శకం ఏది, ఏ సంవత్సరాది ఎప్పుడు అని ఏటా బోర్డు మీద రాయిస్తాను. నాకు తట్టలేదు. అత్తయ్యకి తట్టలేదంటే ఆమెకి సంవత్సరం ఉగాదినాడే పుడుతుంది, తప్పు కాదు. వాడికి తట్టకపోవడానికి మాత్రం వీల్లేదు. పున్నమి అని విన్నాడు, కార్తీకం అని విన్నాడు. బల్ల మీద పరిచిన వారాల చార్టులో ముప్పై రెండు ఎక్కడుందో వాడి కళ్ళముందే ఉంది. ఆగస్టు వారాలు ఎవరూ కొనరట. అమ్ముడుపోని సరుకు అంటగట్టడానికి ముసలావిడ తనంతట తానే నంబరు చెప్తుంటే వాడెందుకు నోరు తెరుస్తాడు?

డబ్బు దగ్గరికి వచ్చేసరికి మా ఆయన వెనకాడారు. అప్పుడు అత్తయ్య అడిగింది. "అది స్థలమేనా బాబూ? నిజం వాటాయేనా?"

"వాటాయేనండి అమ్మమ్మగారూ. ముప్పై మూడేళ్ళు మీ పేరు మీదే. మీ తర్వాత మీ మనవరాలికే."

మీ తర్వాత మీ మనవరాలికే అన్న మాట ఎవడు నేర్పాడో గానీ వాడికి బాగా నేర్పాడు. మా అత్తయ్యకి రేపల్లె వైపు నగరం అనే ఊరి దగ్గర ఎకరం పొలం ఉంది. పెళ్ళిలో పసుపు కుంకుమ కింద పుట్టింటివాళ్ళు రాసిచ్చిన పొలం అది. మా వైపు ఆ పొలం మగపిల్లల జోలికి పోదు. తల్లి నుంచి కూతురికే పోతుంది. అత్తయ్యకి ఆడపిల్లలు లేరు. కాబట్టి అది మా అమ్మాయిదని, దాని చిన్నప్పటినుంచీ చెప్పేది. మామగారి పొలం మీద ఆవిడకి ఇంత మమకారం ఉండేది కాదు. ఏటా కుప్ప నూర్చే రోజున రేపల్లె బండెక్కి వెళ్ళి, ఆ ఎకరం గట్టు మీద ఒక చుట్టు తిరిగి, గుప్పెడు ధాన్యం కొంగున కట్టుకుని వచ్చేది.

అందులో పాతిక సెంట్లు అమ్మి ఈ వాటా కొన్నాం. అమ్మించింది నేను. దాచను. ఆవిడ తటపటాయిస్తుంటే, "పొలం ఎక్కడికీ పోవట్లేదు అత్తయ్యా, సముద్రం ఒడ్డుకి మారుతోంది అంతే" అని నేనే అన్నాను. పొలం అమ్మితే పొలమే కొనాలన్నది ఆవిడ పట్టుదల. వాటా అంటే వాటాయే కదా అనుకున్నాను. పొలం డబ్బు చేతికొచ్చాక వాడే ఇంటికి తెచ్చిన ఆ కాగితాలు ఎన్ని పేజీలో కూడా నాకు గుర్తులేదు. ఇంగ్లీషులో, చీమల బారులాగా ఉన్నాయి. వాడు పేజీలు తిప్పుతూ, ఇక్కడండి, ఇక్కడండి అంటూ వేలు పెట్టి చూపించాడు. అత్తయ్య సంతకం పెట్టినచోటల్లా పక్కన నేనూ పెట్టాను. నామినీ అన్నచోట మా అమ్మాయి పేరు రాసి, అత్తయ్య ఆ పేరు మీద బొట్టంత పసుపు అద్దింది.

మొదటి ఫోను శ్రావణంలో వచ్చింది. మీ వారం ఎల్లుండి నుంచేనండి, ఎంతమంది వస్తున్నారు అని. ఇంట్లో వరలక్ష్మీ వ్రతానికి కలశం కడగటానికి తీశాను. శుక్రవారం వ్రతం పెట్టుకుని ఇల్లు వదిలి రిసార్టుకి పోయే ఆడది మా పేటలో ఎవరైనా ఉందా? ఏదో పొరపాటు పడ్డారండి, మాది కార్తీకం అన్నాను. ఆ అమ్మాయి, "కార్తీకం అంటే ఏ మంత్ అండి?" అంది. అక్కడే సగం అర్థమైంది. నంబరు చూసి, ముప్పై రెండండి, ఆగస్టేనండి, మీరే సెలెక్ట్ చేసుకున్నారు కదా అంది. మిగతా సగం కూడా అర్థమైంది. వంటింట్లోంచి అత్తయ్య, "ఎవరమ్మాయ్?" అని అడుగుతోంది. రాంగ్ నంబర్ అత్తయ్యా అన్నాను.

ఆ అబద్ధం అక్కడితో ఆగలేదు. ముందు కంపెనీతో తేల్చుకుని, తప్పు సరిచేయించి, అప్పుడు చెబుదాం అనుకున్నాం నేనూ మా ఆయనా. ఎవరితో తేల్చుకుంటాం? అమ్మినవాడు మానేశాడట. హైదరాబాదు ఆఫీసుకి ఫోన్ చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి. నొక్కి నొక్కి వేళ్ళు అరిగాయి. చివరికి పలికినవాడు, మీరు సంతకం పెట్టారు కదా మేడమ్ అనేవాడు. పున్నమి అని చెప్పామయ్యా అంటే, అది అగ్రిమెంట్‌లో ఉందా మేడమ్ అనేవాడు. చెప్పింది వినడానికి చెవులున్న మనిషిని పంపుతారు, ఒప్పుకోవడానికి మాత్రం కాగితాన్ని పంపుతారు. ఏం న్యాయమండీ ఇది!

వారం మార్చుకోవచ్చట. దానికి వేరే ఫీజు. కట్టాం. కార్తీకంలో ఖాళీలు లేవు మేడమ్, ముందే బుక్ చేసుకోవాలి అన్నారు. మరుసటి ఏడు ఆరు నెలల ముందే అడిగాం. ఇంకా ఓపెన్ కాలేదు మేడమ్ అన్నారు. మూడు నెలల ముందు అడిగితే అయిపోయాయి మేడమ్ అన్నారు. ఎప్పుడు తెరిచారో, ఎప్పుడు అయిపోయాయో ఆ దేవుడికే తెలియాలి. ఆ రోజే స్టాఫ్‌రూమ్‌లో మా లెక్కల టీచరు తన ఫోన్ తీసి, హోటల్ గదులు అద్దెకిచ్చే ఒక యాప్‌లో అదే రిసార్టు, అదే పున్నమి రోజు కొట్టి చూపించింది. గదులు ఉన్నాయి. ఎవరైనా డబ్బు కట్టి వెళ్ళొచ్చు. ఓనర్లకి మాత్రం లేవు. ఆ మధ్యాహ్నం ఎనిమిదో తరగతికి పాఠం చెప్పలేకపోయాను. బ్రిటిష్‌వాళ్ళు ఈ దేశానికి ఎలా వచ్చారు అన్న పాఠం. వర్తకం చేసుకుంటామని వచ్చి అని మొదలుపెట్టి, ఆ మాట దగ్గరే పుస్తకం మూసి, చదువుకోండర్రా అని కూర్చున్నాను.

ఉండడానికి గది లేదు గానీ, నిర్వహణ ఖర్చు మాత్రం ఏటా ఠంచనుగా వచ్చేది. ఏటా పెరిగేది కూడా. వాడని ఏడాదికి ఎందుకు కట్టాలి అంటే, మీరు రాకపోయినా మీ గది మేము తుడవాలి కదా అన్నాడొకడు. నా గదిని వేరేవాళ్ళకి అద్దెకిచ్చి, దాన్ని తుడిచినందుకు నా దగ్గర వసూలు! రెండో ఏడు మా ఆయన ఒక్కరే, కట్టిన డబ్బు ఉట్టినే పోవడం ఎందుకని, ఆగస్టులో వెళ్ళొస్తానన్నారు. బయల్దేరే రోజున తుఫాను హెచ్చరిక. తీరానికి ఎవర్నీ రానివ్వట్లేదని టీవీలో చెప్పారు. మళ్ళీ ఇంట్లోనే కూర్చున్నారు.

వదిలించుకుందామంటే దానికీ దారి లేదు. వెనక్కి తీసుకోండి అంటే తీసుకోరు. అమ్ముకోండి అంటారు. ఎవరు కొంటారు? కొట్టుకి వచ్చిన రైతులతో మా ఆయన మాట వరసకి అంటే, వాళ్ళు నవ్వి యూరియా కట్ట ఎత్తుకుని పోయారు. ఇంతలో ఒకడు ఫోన్ చేశాడు. మీ వాటాకి బేరం వచ్చిందండి, బొంబాయి పార్టీ, మంచి రేటు, ముందు బదిలీ ఫీజు మీరు కడితే మూడు రోజుల్లో పని అయిపోతుంది అని. ఆ మాటకి నా ప్రాణం లేచి వచ్చింది. నిజం చెప్పొద్దూ, కట్టేసేదాన్నే. కొనేవాళ్ళకి ఏ వారం కావాలటండీ అని ఊరికే అడిగాను. ఏ వారమైనా పర్లేదట మేడమ్, వాళ్ళకి ముప్పై రెండోదే నచ్చిందట అన్నాడు. ముప్పై రెండో వారాన్ని నచ్చి కొనేవాడు ఈ భూమ్మీద ఉండడని నాకంటే బాగా ఎవరికి తెలుసు? చెడామడా తిట్టి పెట్టేశాను. పెట్టేశాక అర్థమైంది, మా నంబరూ మా వారం నంబరూ వాడికి ఎవరు ఇచ్చి ఉంటారో.

ఇన్నాళ్ళూ అత్తయ్యకి ఏం చెప్పామో వింటే మీరు కూడా నన్ను తిడతారు. ఒక ఏడు రిపేర్లు అన్నాం. ఒక ఏడు వానలు అన్నాం. ఆవిడ పాపం, "పోనీలే, స్థలం ఎక్కడికి పోతుంది?" అనేది. ఆ మాట అన్నప్పుడల్లా నేను వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని. నాలుగో ఏడు కార్తీకం వచ్చింది. పున్నమికి రెండు రోజుల ముందు ఆవిడ సంచి సర్దుకుని హాల్లో కూర్చుంది. "గది లేకపోతే పోయింది. మన స్థలంలో చాప వేసుకుని పడుకుంటాను. తీసుకెళ్ళండి" అంది. ఇంక ఏం చెప్పను?

కారు మాట్లాడుకుని ముగ్గురం వెళ్ళాం. పున్నమినాడు తెల్లారేసరికి అక్కడ ఉన్నాం. రోడ్డంతా బస్సులూ ఆటోలూ, తలస్నానం చేసి వస్తున్న జనం. రిసార్టు గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. ఓనర్లమయ్యా అన్నాను. జీవితంలో మొదటిసారి ఆ మాట నా నోటితో నేనే అన్నాను. వాడు లోపలికి ఫోన్ చేసి, అత్తయ్య వయసు చూసి కాబోలు, రిసెప్షన్ దాకా వదిలాడు. అక్కడ మేనేజరు, చాలా మర్యాద తెలిసిన మనిషి, నీళ్ళు తెప్పించాడు. కంప్యూటర్‌లో చూశాడు.

"మీరు ఓనర్సేనండి మేడమ్. కాకపోతే ఈ వారం ఓనర్స్ కాదు."

"మరి ఈ వారం ఎవరండీ ఓనర్లు? గదులన్నీ అద్దెకివ్వలేదూ? నేను ఫోన్‌లో చూశాను. చూపించమంటారా?" నా గొంతు లేచింది. కాఫీలు తాగుతున్నవాళ్ళు ఇటు తిరిగారు. తిరగనీ అనుకున్నాను. నాలుగేళ్ళ ఉక్రోషం ఒక్కసారి తన్నుకొచ్చింది. ఫీజులు, ఫోన్లు, వ్రతం, తుఫాను, అన్నీ చెప్పేశాను. మా ఆయన నా మోచెయ్యి పట్టుకున్నారు. వదిలించుకున్నాను.

అత్తయ్య మాత్రం ఆ గొడవ వినలేదు. కుర్చీలోంచి లేచి, మేనేజరు బల్ల మీద చెయ్యి ఆనించి అడిగింది. "బాబూ, గది సంగతి తర్వాత. నా వాటా ఎక్కడినుంచి ఎక్కడిదాకా? గట్టు చూపించు. ఒకసారి తొక్కి పోతాను."

"గట్టు ఏంటమ్మా?"

"హద్దు నాయనా. నగరంలో పాతిక సెంట్లు ఇచ్చాను. ఇక్కడ ఎన్ని సెంట్లు ఇచ్చారు?"

మేనేజరు నా వైపు చూశాడు. నేను నేల చూపులు చూస్తున్నాను. ఆ మనిషి నిజం చెప్పాడు, అందుకు అతన్ని తప్పు పట్టను. "స్థలం ఏమీ ఉండదమ్మా. ఏడాదికి ఏడు రోజులు ఉండే హక్కు, అంతే. ముప్పై మూడేళ్ళు. మీ తర్వాత నామినీకి వెళ్తుంది."

"ఏం వెళ్తుంది?"

"హక్కేనమ్మా. దాంతోపాటు ఏటా కట్టాల్సినవి కూడా."

అత్తయ్య బల్ల మీంచి చెయ్యి తీసేసింది. తర్వాత నా వైపు తిరిగింది. "నీకు తెలుసా?" అంది. తెలుసు అత్తయ్యా అన్నాను. ఎప్పటినుంచి అని ఆవిడ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. తిట్టి ఉంటే ఇంకా బాగుండేది.

జనం నడిచే దారినే సముద్రానికి వెళ్ళాం. ఇసకలో ఆవిడ కాలు దిగబడిపోతుంటే చీరాల నుంచి వచ్చిన నేతవాళ్ళు ఇద్దరు ఆడవాళ్ళు, "పిన్నిగారూ, ఇటు పట్టుకోండి" అంటూ చెరో చెయ్యీ అందుకున్నారు. నా చెయ్యి మాత్రం ఆవిడ పట్టుకోలేదు. మూడు మునకలు వేసింది. అరటి దొన్నెలో దీపం వదిలింది. బయటికి వచ్చాక తడిచీర మార్చుకోవడానికి చాటు లేదు. కారులోంచి దుప్పటి తెచ్చి, ఒక అంచు ఆ చీరాల ఆవిడ, ఒక అంచు నేను పట్టుకుని నిలబడ్డాం. మా ఎదురుగానే రిసార్టు గదుల కిటికీలు వరసగా కనిపిస్తున్నాయి. ఆ గదుల ఓనరు దుప్పటి చాటున, వణుకుతూ, జాకెట్టు హుక్కులు పెట్టుకుంటోంది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏడుపు కాదది, కోపం. ఆ కంపెనీ మీద ఎంతో, నా మీద అంతకంటే ఎక్కువ.

ఇంటికొచ్చాక రెండు రోజులు ఆవిడ నాతో మాట్లాడలేదు. మూడోనాడు కాగితాలు తీసుకురమ్మంది. "పిల్ల పేరు ఎక్కడుంది?" చూపించాను. అక్షరాల మీద పసుపు మరక ఇంకా ఉంది. "ఇది కొట్టేయించు. నా అమ్మ ఇచ్చిన పసుపు కుంకుమలో పాతిక సెంట్లు పోతే పోయాయి. వాటి బదులు ఆ పిల్ల నెత్తిన ఈ బరువు పెట్టి నేను పోలేను."

ఆఫీసుకి ఫోన్ చేశాను. నామినీని మార్చొచ్చట, తీసెయ్యడానికి మాత్రం లేదట. ఎవరో ఒకరి పేరు ఉండాలట. నా పేరు రాయండి అన్నాను. ఫారం పంపారు. నింపి, పెన్ను అత్తయ్య చేతికి ఇచ్చాను. ఆవిడ సంతకం పెట్టలేదు.

"చదువు" అంది.

చదివాను. ఇంగ్లీషు చదివి, తెలుగు చేసి, మాట మాటా చెప్పాను. నా పేరు కింద ఇంకొక గీత ఉంది. నామినీ తర్వాత ఎవరు అని. అది కూడా తప్పనిసరిగా నింపాలని పక్కన చుక్క పెట్టారు.

"నీకెన్నేళ్ళు?"

"యాభై రెండు అత్తయ్యా."

"ఇంకా ఎన్నేళ్ళుంది ఇది?"

"ఇరవై తొమ్మిది."

ఆవిడ పెన్ను మూత పెట్టేసింది. "అంటే నీ తర్వాత మళ్ళీ పిల్ల దగ్గరికే తిరిగొస్తుందన్నమాట. ఫారాలొద్దు. కేసు వెయ్యి."

కేసు మాట మా ఆయన మొదటి ఏడే అన్నారు. నేనే వాయిదా వేస్తూ వచ్చాను. లాయరు ఫీజని, సెలవులు లేవని ఏవేవో చెప్పాను. అసలు సంగతి అవేవీ కావు. అక్కడ నిలబడితే మొదటి ప్రశ్న ఏం అడుగుతారో నాకు తెలుసు. ఆ ప్రశ్నకే నాలుగేళ్ళూ భయపడ్డాను. ఆ మాట ఆ రోజు ఆవిడతో చెప్పేశాను. "టీచరై ఉండి చదవకుండా సంతకం ఎలా పెట్టావమ్మా అంటారు అత్తయ్యా. ఊరంతా తెలుస్తుంది. పిల్లలకి తెలుస్తుంది. ఏం చెప్పను?"

"చదవలేదని చెప్పు" అంది.

ఆ సోమవారం సెలవు పెట్టి, గుంటూరులో వినియోగదారుల కమిషన్‌కి ముగ్గురం వెళ్ళాం. ఫిర్యాదు లాయరు చేత రాయించలేదు. ముందురోజే ఇంట్లో కూర్చుని తెలుగులో నేనే రాశాను, అత్తయ్యకి చదివి వినిపించాను. మొదటి వాక్యం దగ్గర ఒక్కచోట ఆగాను గానీ, మార్చలేదు. నేను ఉపాధ్యాయురాలిని, మా అత్తగారు నన్ను నమ్మి సంతకం పెట్టారు, నేను చదవలేదు.